బూడిద మీద ఉపన్యాసానికి ఫస్టు ప్రైజు

ఊరికి దవాఖాన లేకపోయినా నడుస్తుంది. బస్టాండు లేకపోయినా నడుస్తుంది. మాట్లాడటం నేర్పే క్లబ్బు లేకపోతే మాత్రం ఒక్క రోజు కూడా నడవదు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. చేతిలో మైకు పట్టుకుని, కాళ్లు వణక్కుండా నిలబడి అంటున్నాను. ఏడాది కిందట నన్ను మైకు ముందు నిలబెట్టి ఉంటే, ఇద్దరిలో మైకు స్టాండెవరో, నేనెవరో చెప్పడం మీ వల్ల అయ్యేది కాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ఆ లెక్కన మా మిర్యాలగూడ ఇప్పుడెంత మంచిదైపోయిందో మీరొచ్చి చూడాలి!

ముందు నన్ను పరిచయం చేసుకోనివ్వండి. పరిచయం లేకుండా విషయంలోకి దూకేవాడు చెప్పులతో వంటింట్లోకి వచ్చేవాడితో సమానమని మా క్లబ్బులో నేర్పారు. నా పేరు మల్సూర్. సాగర్ రోడ్డులో బైకు స్పేర్ పార్టుల దుకాణం నాది. గిరాకీ వచ్చి "క్లచ్ కేబుల్" అంటాడు, నేను తీసి ఇస్తాను. ఇందులో ఉపన్యాసానికి చోటెక్కడిది? ఇంటికొస్తే అంతకన్నా తక్కువ. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. ఇల్లరికపు అల్లుడికి నోరు ఎందుకుంటుంది చెప్పండి? అన్నం తినడానికి, ఆవలించడానికి!

పైగా మా ఇంట్లో మాట్లాడే ఉద్యోగం ఖాళీగా లేదు. మా అత్తమ్మ వెంకటనర్సమ్మ ఆ ఉద్యోగంలో చాలా ఏళ్లుగా పర్మినెంటు. ఆమె వాకిట్లో నిలబడి కూరగాయల బండివాణ్ణి తిడితే, రెండు వీధుల అవతల ఇంకో బండివాడు భయపడి ధర తగ్గించేవాడు. నన్ను తిట్టడానికైతే ప్రత్యేకంగా ఒక గొంతు ఉండేది. "ఓ మల్సూరూ! పాలపాకెట్ పలిగింది, కండ్లు యాడ వెట్టుకొని తెచ్చినవ్?" అని మొదలుపెట్టి, మా పెళ్లిచూపుల దాకా వెనక్కి వెళ్లి, దారిలో మా మేనత్తను కూడా ఒకసారి పలకరించి, నా కంచంలో అన్నం వడ్డిస్తూ ముగించేది. మొదలు, నడుమ, ముగింపు అన్నీ కుదిరేవి. ఆమె ఏ క్లబ్బుకూ పోలేదు. నేను కూడా తిట్లు తిన్న రోజున రెండు ముద్దలు ఎక్కువే తినేవాణ్ణి.

ఆ గొంతుకు బూడిద అడ్డం పడింది. మా కాలనీ వెనకాల ఒక రైసు మిల్లుంది. వడ్లు ఉడకబెట్టడానికి అక్కడ బాయిలర్లో ఊక కాలుస్తారు. గొట్టంలోంచి వచ్చే బూడిద గాలి ఎటుంటే అటు పోతుంది. మా కాలనీ అంటే గాలికి ఎంత ప్రేమో! పొద్దున దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కాను సాయంత్రం బొగ్గులమ్మే వాడికి బహుమతిగా ఇవ్వొచ్చు. పోయిన సీజన్లో అత్తమ్మకు ఆయాసం పట్టుకుంది. డాక్టరు పీల్చే మందు రాసిచ్చి, "బూడిదకు దూరంగ ఉంచుండ్రి" అన్నాడు. ఎంత దూరం ఉంచాలి? ఇల్లు కదలదు, మిల్లు కదలదు. మధ్యలో ఆమె ఊపిరి ఒక్కటే కదులుతోంది, అదీ కష్టంగా.

అందుకని నా భార్య రూప ఒకనాడు నన్ను మిల్లుకు తోలింది. "బూడిద బయటికి రాకుంట గొట్టానికి ఏదన్న మిషిను వెట్టుమని చెప్పి రా. ఒక్క మాట చాలు. అమ్మ అవస్థ సూస్తలేవా?"

వెళ్లాను. మిల్లు యజమాని శ్యాంసుందర్ గారు కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. "ఏం తమ్మీ, ఏం పని మీద వచ్చినవ్?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. దారి పొడుగునా బట్టీ పట్టిన వాక్యం గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాను.

"మిల్లు మంచిగుంది సార్" అన్నాను.

ఆయన సంతోషించి ఒక నూకల సంచి ఇప్పించారు. దాన్ని భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. రూప సంచి వంక చూసింది, నా వంక చూసింది. సంచిని లోపల పెట్టి, నన్ను బయట పెట్టింది.

అయితే ఆ రోజు మిల్లు గేటు దగ్గర శ్యాంసుందర్ గారు అన్న మాట నా బతుకును మార్చేసింది. "నీ కడుపుల ఏదో ఉన్నది తమ్మీ, నోట్లెకు వస్తలేదు. ఐతారం మా క్లబ్బుకు రా. జర ప్రాక్టీస్ అయితే భయం ఖతం." ఆ క్లబ్బుకు ప్రెసిడెంటు ఆయనే! హాలు ఆయనదే, మైకు ఆయనదే, ఉప్మా ఆయనదే. తన మీద ఫిర్యాదు చేయబోయే మనిషికి ఫీజు లేకుండా మాటలు నేర్పించే దాతను మీరు ఎక్కడైనా చూశారా? నేను చూశాను. ఉప్మాలో జీడిపప్పు కూడా చూశాను.

మా 'వాగ్ధాటి క్లబ్బు' ఆదివారం పొద్దున ఆయన ఫంక్షన్ హాల్లో, భోజనాలు పెట్టే చోట జరుగుతుంది. మాటల మధ్య 'ఇగ', 'అంటే', 'అదేందంటే' అని దొర్లిందో, ఒకాయన గరిటెతో స్టీలు పళ్లెం మీద ఠంగుమని కొడతాడు. నా మొదటి ఉపన్యాసానికి ఆ మోత ఎంతసేపు మోగిందంటే, లోపల భోజనాలు మొదలయ్యాయనుకుని వీధికుక్కలన్నీ గేటు దగ్గరికొచ్చి కూర్చున్నాయి. నా మొట్టమొదటి శ్రోతలు అవే. చివరిదాకా కూర్చున్నవీ అవే.

క్లబ్బుకు గోడ మీద పెద్దక్షరాలతో రాసిన రూలు ఒకటుంది. ఎవరు ఏది మాట్లాడినా, చెప్పిన తీరు గురించే అభిప్రాయం చెప్పాలి. చెప్పిన విషయం గురించి నోరెత్తకూడదు. ఎంత గొప్ప రూలు! ఇది లేనప్పుడు నిడమనూరు నుంచి వచ్చిన రైతొకాయన, కాల్వ చివరి పొలాలకు నీళ్లు రావడం లేదని మాట్లాడితే, కాల్వ మొదట్లో పొలాలున్న సభ్యులు లేచి గొడవకు దిగారట. రూలు వచ్చాక ఆ గొడవే లేదు. ఆ రైతు మళ్లీ వచ్చి మాట్లాడితే, చేతులు బాగా ఊపాడని బహుమతిచ్చి పంపారు. నీళ్లు మాత్రం రాలేదు. చేతులు ఇప్పటికీ బాగా ఊపుతాడు.

ఇక క్లబ్బు వల్ల జరిగిన మేళ్లు చెప్పమంటారా? నేరేడుచర్లకు షేర్ ఆటో నడిపే లింగ్యా మా సభ్యుడే. ఒకప్పుడు "నేరేడుచర్ల, నేరేడుచర్ల" అని రెండు కేకలేసి బండి నింపేవాడు. ఇప్పుడు "ప్రియమైన ప్రయాణికులారా, ప్రయాణం అంటే ఏమిటి?" అని మొదలుపెడతాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికేలోపు జనం బస్సెక్కి నేరేడుచర్ల చేరుకుంటున్నారు. ఒక్క ప్రయాణికుడు కూడా లేకుండా ఆటోను అంత ఆత్మవిశ్వాసంతో నడిపే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు!

నా సంగతే చూడండి. క్లచ్ కేబుల్ కోసం వచ్చిన గిరాకీకి ఇప్పుడు నేను క్లచ్ చరిత్ర చెబుతాను, బంధాలు కూడా క్లచ్ లాంటివేనంటాను, చివర్లో ఒక పిట్టకథ వేస్తాను. నా కథ అయ్యేసరికి గిరాకీ ఎదురు దుకాణంలో కేబుల్ బిగించుకుని పోతున్నాడు. పోతూ పోతూ చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. గల్లాపెట్టెకు చప్పట్ల విలువ తెలియదు, అది దాని ఖర్మ.

సరే, అసలు సంగతికొస్తాను. నోరు స్వాధీనంలోకి రాగానే నేను బూడిద గురించే మాట్లాడాను. శ్యాంసుందర్ గారు ముందు వరుసలో కూర్చునుండగా, ఆయన మిల్లు గొట్టం గురించి, మా అత్తమ్మ ఆయాసం గురించి, ఉన్నదున్నట్టు! మాట పూర్తయింది. హాలంతా చప్పట్లు! అందరికన్నా గట్టిగా కొట్టింది శ్యాంసుందర్ గారే.

ఆ రోజు తీర్పు చెప్పాల్సింది కోదాడ నుంచి వచ్చే వనిత టీచర్. "మల్సూర్ గారూ, చాలా బాగా మాట్లాడారండీ. అందరి కళ్లల్లోకీ చూశారు. కాకపోతే అత్తగారి దగ్గు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గించుంటే ఇంకా బాగా పండేదండీ" అన్నారు. శ్యాంసుందర్ గారు కూడా లేచి ఒక సలహా ఇచ్చారు. "ముసలామె దగ్గుతోనే మొదలువెట్టు తమ్మీ. వినేటోని గుండె కరగాలె." ఆయన గుండె ఏమైనా కరిగిందేమోనని ఆశగా చూశాను. ఆయన నాకిచ్చిన సమయం అయిపోయిందని గడియారం చూపిస్తున్నారు.

సలహా పాటించాను. అద్దం ముందు నిలబడి అత్తమ్మ దగ్గును ప్రాక్టీసు చేశాను. పక్క గదిలో అసలు దగ్గు, ఈ గదిలో నకలు దగ్గు. రూప తికమకపడి ఒకసారి పీల్చే మందు నాకు తెచ్చిచ్చింది. నా కళకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

ఆ దగ్గుతోనే సూర్యాపేట పోటీకి వెళ్లాను. జడ్జిగా వచ్చినాయన ఇలాంటి ఫిర్యాదులు వినాల్సిన కుర్చీలోనే కూర్చునే పెద్దాఫీసరు! దేవుడున్నాడనుకున్నాను. నేను దగ్గినప్పుడు ఆయన కళ్లు తుడుచుకున్నారు. "బూడిదను కళ్లకు కట్టినట్టు చెప్పినవయ్యా" అని నా భుజం తట్టారు. బూడిద మీద ఉపన్యాసానికి ఫస్టు ప్రైజు! శాలువా కప్పింది శ్యాంసుందర్ గారు. ఆయన ముఖంలో ఎంత గర్వం! ఆ గొట్టం లేకపోతే నాకు ఈ కప్పెక్కడిది? పాపం, ఆ మాట ఆయన పైకి అనలేదు, అది ఆయన మంచితనం.

ఇంటికొచ్చి కప్పును రూప చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "మొదటిసారి పోయినప్పుడు నూకలన్న వచ్చినయ్. గీ దాంట్ల ఏం వండాలె?" అంది. ఆడవాళ్లకు కళాపోషణ తక్కువని ఊరుకున్నాను. కాదు, ఊరుకోక ఏం చేయాలో తెలియక ఊరుకున్నాను.

అయినా నా వాదన నాదే. ప్రతి ఊళ్లోనూ ప్రభుత్వమే ఇలాంటి క్లబ్బు పెట్టాలి. ఎందుకంటారా? కోపాన్ని మింగుకుని తిరిగేవాడు ప్రమాదకరమైన మనిషి. ఏదో ఒక రోజు పదిమందిని పోగేసి గేటు ముందు కూర్చుంటాడు. వాడి చేతికి మైకివ్వండి. మంచి హాలివ్వండి, చప్పట్లివ్వండి. వాడు బుద్ధిగా ఇంటికెళ్లి కప్పు తుడుచుకుంటాడు. లాఠీ ఖర్చు లేదు, లారీ ఖర్చు లేదు. ఉప్మా ఖర్చొక్కటే!

పోయిన వారం శ్యాంసుందర్ గారు స్వయంగా మా ఇంటికొచ్చారు. మిల్లులో రెండో బాయిలరు పెడుతున్నారట. ప్రారంభోత్సవం రోజు సభ నడపాల్సింది నేనేనట. "నీ అంత మంచిగ మాట్లాడెటోడు మన దిక్కు లేడు తమ్మీ. మైకు నీకే."

రెండో బాయిలరంటే రెండో గొట్టం. నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క క్షణం కోసమే కదా! నిటారుగా నిలబడ్డాను. ఆయన కళ్లల్లోకి చూశాను. ఊపిరి నిండుగా పీల్చాను.

"తప్పకుండా సార్!" అన్నాను.

గొంతు ఖంగుమంది. ఒక్క 'ఇగ' కూడా దొర్లలేదు. వంటింట్లో రూప ఒక గిన్నె కింద పెట్టింది. చప్పుడును బట్టి చూస్తే పెట్టలేదు, పడేసింది.

శ్యాంసుందర్ గారు వెళ్లబోతూ మంచం మీద కూర్చున్న అత్తమ్మను చూశారు. "మంచిగున్నవా పెద్దమ్మా?" అని పలకరించారు. అత్తమ్మ ఆయన వంక సూటిగా చూసింది. పెదవులు కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు. ఆయన నా చెవి దగ్గరికి వంగి జాలిగా అన్నారు. "పాపం, మాట్లాడాల్నంటే బుగులు వడుతున్నట్టుంది. అమ్మను గూడ మన క్లబ్బుకు తీస్కరా, మంచిగైతది."

కారు వెళ్లిపోయింది. అత్తమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. "ఓ మల్సూరూ..." అంది. తల వంచుకుని నిలబడ్డాను. ఇవాళ రావాల్సిన తిట్టు మామూలు తిట్టు కాదు, పెళ్లిచూపుల దగ్గర ఆగేది అసలే కాదు. నేను దానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ నా పేరు తర్వాత దగ్గొచ్చింది. ఆ దగ్గు తర్వాత ఇంకో దగ్గొచ్చింది. రూప పరుగెత్తుకొచ్చి మందు పీల్పించింది. అత్తమ్మ కాసేపు ఎగపోసుకుని, ఇక చాలన్నట్టు నా వైపు చెయ్యి ఊపి, కళ్లు మూసుకుంది.

అయ్యలారా, అమ్మలారా, కప్పు కావాలంటే మీరు తీసుకోండి. శాలువా కూడా తీసుకోండి, ఇంటికొచ్చి వేసిన మడత మళ్లీ విప్పలేదు. నాకు చప్పట్లు వద్దు. మా అత్తమ్మ నన్ను ఒక్కసారి నోరారా తిట్టాలి. తిట్టించుకోవాల్సినంత పని చేసి కూర్చున్నాను, తిట్టడానికి ఆమెకు ఊపిరి చాలడం లేదు.