తాత్కాలిక బాణీకి శాశ్వత ఏర్పాట్లు

మనిషి ఏడవడం ఎప్పుడు నేర్చుకున్నాడో చెప్పడం కష్టం గానీ, ఏ ఏడుపుకు ఎన్ని వయొలిన్లు కావాలో నిర్ణయించే యంత్రాంగం ఏర్పడిన తరువాతే నాగరికత సంపూర్ణమైందని నిస్సంశయంగా చెప్పవచ్చు. అంతకుముందు జనం ఎవరి ఇంట్లో వారు, ఎవరి తాహతుకు తగినట్టు, వాద్య సహకారం లేకుండానే ఏడ్చి ఊరుకునేవారు. (ఆ అనాగరిక దశ కొన్ని కుటుంబాల్లో నేటికీ కొనసాగుతున్నదని వినికిడి.)

ఆ యంత్రాంగం ఒక టెలివిజన్ చానెల్ పై అంతస్తులో కొలువుదీరి ఉండేది. దాని పేరు సంగీత ఎంపిక, పంపిణీ, పునఃపరిశీలనా విభాగం. అందులో సంగీతం తెలిసినవారు ఒక్కరూ లేకపోవడం యాదృచ్ఛికం కాదు. పక్షపాతానికి తావివ్వరాదన్న దూరదృష్టితో చేసిన ఏర్పాటు. విభాగాధిపతి శ్రవణాధికారి ఏ బాణీనైనా తన ఫోను స్పీకరులోనే, అదీ భోజనానంతరం, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని వినేవారు. "ప్రేక్షకులు గిన్నెలు తోముకుంటూ వింటారండీ. నేను కునుకు తీస్తూ వింటాను. నన్ను లేపిన బాణీ వాళ్లను కూర్చోబెడుతుంది" అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన్ను ఇంతవరకు లేపగలిగింది కాఫీ ఒక్కటే.

ఈ విభాగం గుమ్మంలో చెప్పులరిగేలా తిరిగిన సంగీతకారుణ్ణి అక్కడందరూ 'మాస్టారు' అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవానికి లోటుండేది కాదు, పనికే లోటు. అప్పటివరకు ఆయన కట్టిన బాణీలు లిఫ్టుల్లోనూ, 'దయచేసి వేచి ఉండండి' అనే ఫోన్లలోనూ మోగేవి. అంటే విన్న ప్రతి ఒక్కరూ అవి ఎప్పుడాగుతాయా అని ఎదురుచూసేవారు. అలాంటి మాస్టారికి తొలిసారి ఒక ధారావాహికలో అవకాశం వచ్చింది. పెద్దకోడలు పెట్టె సర్దుకుని, అత్తగారి గుమ్మం దిగి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయే ఘట్టానికి బాణీ కట్టాలి. బాణీ ఆమోదం పొందితే టైటిల్స్‌లో 'సంగీతం' అన్న మాట పక్కన ఆయన పేరు పడుతుంది.

ఈ పేరు కోసం మాస్టారికన్నా ఎక్కువగా తహతహలాడిన మనిషి ఆయన అక్క. ఆమెకు వీధి మలుపులో కుట్టుపని దుకాణం. ఆ దుకాణం వెనకగదే మాస్టారి స్టూడియో. మధ్యలో గోడ ఉందనడంకన్నా తెర ఉందనడం సబబు.

"ఒరేయ్, నీ పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారా, చిన్న అక్షరాల్లోనా?" అని ఆమె మిషను ఆపకుండానే అడిగేది.

"ముందు బాణీ ఒప్పుకోవాలి కదక్కా."

"ఒప్పుకోక చస్తారా? నేను వీధంతా చెప్పేశాను. బట్టలు బిగుతైనా ఈమధ్య ఎవరూ నోరెత్తడం లేదు తెలుసా? టీవీవాళ్ల అక్కని కదా మరి!"

"అలా ముందే చాటింపు వేస్తే ఎలాగక్కా?"

"నీకోసం కాదులేరా. పక్క వీధి దర్జీ వాళ్లబ్బాయి విమానంలో పనిచేస్తాడట. వాడి నోరు మూయించాలి."

ఇక్కడ విభాగం పనితీరును కొంత వివరించక తప్పదు. సంగీతకారుడి బాణీ చేతికొచ్చేలోపు దృశ్యం బోసిగా ఉండకూడదని, ఎడిటరమ్మ ఉమ్మడి ఫోల్డరులోంచి ఏదో ఒక బాణీని తీసి దాని కింద అంటించేది. దీన్ని తాత్కాలిక బాణీ అంటారు. అసలు బాణీ రాగానే దీన్ని తీసెయ్యాలి. అయితే ఈలోగా అధికారులు ఆ దృశ్యాన్ని కత్తిరింపుల కోసం, కత్తిరించినవి అతికించడం కోసం, అతికించినదెవరో విచారించడం కోసం పదేపదే చూస్తారు. చూసిచూసి ఆ బాణీ వారి రక్తంలో కలిసిపోతుంది. అప్పుడు దానికి 'మార్గసూచి బాణీ' అని పదోన్నతి లభిస్తుంది. ఆపైన సంగీతకారుడు పంపేది దానికి దగ్గరగా ఉండితీరాలి. కానీ అది ఏ బాణీయో సంగీతకారుడికి వినిపించరాదు; వినిపిస్తే అనుకరిస్తాడు. (ఈ నిబంధనను రూపొందించినవారికి చానెల్ శాలువా కప్పింది.)

మాస్టారు బాణీలు పంపడం మొదలుపెట్టారు. మొదటిదానికి, 'దుఃఖం ఎక్కువైంది. ప్రకటనలు వచ్చే వేళకు ప్రేక్షకురాలికి సబ్బు కొనే ఓపిక మిగలాలి' అని వ్యాఖ్య వచ్చింది. దుఃఖం తగ్గించి పంపితే, 'కోడలు ఇల్లు విడిచి వెళ్తున్నట్టు లేదు, కూరగాయలకు వెళ్తున్నట్టుంది' అన్నారు. తరువాత పంపినదాన్ని భావోద్వేగ ఉపసంఘానికి బదిలీ చేశారు. ఆ ఉపసంఘం ఇంకా ఏర్పడలేదని కొన్నాళ్లకు తేలింది. ప్రతి తిరస్కారం చివర ఒకటే వాక్యం ఉండేది: 'మార్గసూచిలోని ఆత్మ ఇందులో కానరాదు.'

చూసి చూసి ఎడిటరమ్మకే జాలేసింది. ఒకరోజు భోజనాల వేళ, గదిలో ఎవరూ లేకుండా చూసి, మాస్టారి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది.

"అన్నయ్యా, నేను వినిపించానని మాత్రం ఎవరితోనూ అనకండి. నా ఉద్యోగం ఊడుతుంది."

పెద్దకోడలు పెట్టె ఎత్తింది. బాణీ మొదలైంది. మాస్టారు హెడ్‌ఫోన్లను చెవులకు నొక్కి పట్టుకున్నారు. మంద్రంలో మెల్లగా కదిలే ఆ వేణువు వెనకాల, లయ తప్పకుండా, కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఇది నాదమ్మా" అన్నారాయన.

"ఏది?"

"ఈ బాణీ. పోయినేడు వేరే సీరియల్‌కి పంపాను. అక్క మిషను ఆపమంటే ఆపలేదు, సరేనని ఆ చప్పుడు మీదే వాయించాను. 'ఇంతకుముందు ఎక్కడా విన్నట్టు లేదు' అని తిప్పి పంపారు."

తిప్పి పంపడమనేది మాటవరసకే. తిరస్కారం పొందిన బాణీ మీంచి కర్త పేరు తొలగించి (ఆయన మనసు నొచ్చుకోరాదని), ఉమ్మడి ఫోల్డరులో 'తాత్కాలికాలు' అన్న అరలో పడవేయడం అక్కడి ఆచారం. ఎడిటరమ్మ చేయి తగిలింది ఆ అరకే.

మాస్టారు తిన్నగా శ్రవణాధికారి గదికి వెళ్లి, తానెలా విన్నదీ చెప్పకుండా విన్నదేమిటో మాత్రం చెప్పారు. శ్రవణాధికారి కళ్లు తెరిచారు. అది అరుదైన గౌరవం.

"మాస్టారూ, మీరొక్కరే కాదు. నాకూ అది నాదే అనిపిస్తుంది. మంచి సంగీతం లక్షణమే అంత."

"అనిపించడం కాదండీ, నేనే కట్టాను. అందులో మా అక్క మిషను చప్పుడు కూడా ఉంది."

"మిషనా? దాన్ని మేము విరిగిన గుండె చప్పుడుగా గుర్తించి మినిట్స్‌లో రాసుకున్నామండీ! మళ్లీ మీటింగు పెట్టమంటారా ఏంటి?"

మాస్టారు ఇంటికి వెళ్లి, తన కంప్యూటరులో ఉన్న అదే బాణీని, ఒక్క స్వరం మార్చకుండా, కొత్త పేరు పెట్టి పంపారు. వ్యాఖ్య మర్నాడే వచ్చింది: 'ఇంతవరకు పంపినవాటిలో ఇదే మెరుగు. అయినా అనుకరణ అనుకరణే. మూలంలోని సహజత్వం ఇందులో లోపించింది. ముఖ్యంగా గుండె చప్పుడు కృత్రిమంగా ఉంది.'

కథ ఇక్కడితో ముగిసి ఉంటే అదొక మామూలు అన్యాయంగా మిగిలిపోయేది. కానీ ఆ చానెల్‌లో పోలికలు కొలిచే యంత్రమొకటి ఉంది. అది రెండు బాణీలనూ విని, వాటి మధ్య వెంట్రుకవాసి తేడా లేదని తేల్చింది. విషయం న్యాయ సలహాదారు దాకా వెళ్లింది. ఆయన మాస్టారిని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, తన వాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడారు.

"చూడండి మాస్టారూ, దాపరికం లేకుండా చెబుతా. అది మీ బాణీయే అని రుజువు చెయ్యాలంటే చిటికెలో పని. మీ దగ్గర పాత మెయిల్ కూడా ఉండే ఉంటుంది."

"ఉందండీ."

"ఆ మాట నాకు వినబడలేదు. ఎందుకంటే, అది మీదని తేలిందనుకోండి, మేం ఒకసారి తిరస్కరించిన బాణీ అవుతుంది. తిరస్కరించిన బాణీని ప్రసారం చెయ్యకూడదని మా నియమావళి. వెంటనే తీసేస్తాం. ఇక ఎప్పటికీ వెయ్యం."

"నాది కాదంటే?"

"హాయిగా ప్రసారమవుతుంది. రోజూ. కోడలు ఇల్లు వదిలినప్పుడల్లా. ఈ కోడలు చాలాసార్లు వదులుతుందని రచయిత్రి మాట కూడా ఇచ్చింది."

"నా పేరు?"

"పేరు కావాలా, బాణీ కావాలా? రెండూ కావాలంటే చానెల్ కాదండీ, మీరు వేరే లోకం చూసుకోవాలి."

మాస్టారు కిటికీలోంచి కిందికి చూశారు. కింద పార్కింగులో ఒక డ్రైవరు కారు తుడుస్తూ ఈల వేస్తున్నాడు. ఆ ఈలకు ఎవరి ఆమోదమూ ఉన్నట్టు లేదు. లిఫ్టులో కాకుండా, ఫోనులో కాకుండా, మనుషులు ఆగిపొమ్మని కోరుకోని చోట తన బాణీ ఒక్కసారైనా మోగాలన్నది ఆయన కోరిక. 'సదరు బాణీ నాది కాదు, దాన్ని కట్టగల సామర్థ్యమూ నాకు లేదు' అన్న ధ్రువీకరణ కింద సంతకం పెట్టారు. (రెండో ముక్క న్యాయ సలహాదారు ముందుజాగ్రత్తగా చేర్చినది. దానికి సాక్షిగా శ్రవణాధికారి మనస్ఫూర్తిగా సంతకం చేశారు.)

కర్త ఎవరో తేలని బాణీని పరంపరాగతంగా భావించవలెనని నియమావళిలో ఉండనే ఉంది. అంతటితో ఫైలు మూతపడేదే. అయితే పారదర్శకత కోసం, ఒక ఘట్టానికి పనిచేసిన ప్రతి ఒక్కరి పేరునూ, వారు చేసిన పనితో సహా, టైటిల్స్‌లో వేయాలన్నది మరో నిబంధన. మాస్టారు పనిచేశారన్నది కాదనలేని సత్యం. ఏం పనిచేశారన్నదానిపైన విభాగం రెండు పూటలు చర్చించింది.

ప్రసారమైన సాయంత్రం అక్క దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. పక్క వీధి దర్జీని ఆమె పనిగట్టుకుని పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టింది. పెద్దకోడలు గుమ్మం దిగుతుండగా వేణువు మొదలైంది. అక్క నోట్లో ఉన్న గుండుసూదులు చేతిలోకి తీసుకుంది.

"ఒరేయ్, అది నా మిషనేరా! వింటున్నారా? అది నా మిషను!"

ఎవరూ ఆమె మాట వినలేదు. అందరూ బాణీ వింటున్నారు. పక్క వీధి దర్జీ కళ్లు తుడుచుకుని, ఏదో నలక పడిందన్నాడు. మాస్టారు వెనకగది తెర పట్టుకుని నిలబడ్డారు.

తరువాత టైటిల్స్ వచ్చాయి. సబ్బు ప్రకటన వాటిని ఒక మూలకు నెట్టేయడం వల్ల అవి తరుముకొస్తున్నట్టు పైకి పరుగెత్తాయి. 'సంగీతం: పరంపరాగతం.' దాని కింద, 'అనుకరణ యత్నం (విఫలం)' అని ఉండి, పక్కనే మాస్టారి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా పడింది.

"వచ్చింది! పేరొచ్చిందిరా!" అని అక్క చప్పట్లు కొట్టింది. "దాని పక్కన ఏదో హోదా కూడా వేశారే, చదివేలోపే వెళ్లిపోయింది. పెద్దదేనా?"

"పెద్దదే అక్కా."

"ఇది అయిపోగానే తీసేస్తారా, ఏంటి?"

"లేదు. అది మనం రాజీనామా చేసినా పోదు."

అక్క దర్జీ వైపు తిరిగి, గుండుసూదులు మళ్లీ పళ్ల మధ్య పెట్టుకోబోతూ అంది:

"విన్నావా? పర్మనెంటట."