సాయం వచ్చినవారే చెప్పవలెను

జబ్బు పడే హక్కును ప్రకృతి అందరికీ సమానంగా ఇచ్చింది. ఆ జబ్బు గురించి మాట్లాడే హక్కును మాత్రం మా తెనాలి ప్రాంతం సాయం వచ్చినవారికి ఇచ్చింది. ఈ నియమం ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు. అయినా కాంపౌండరు మొదలుకొని పెద్ద స్పెషలిస్టు దాకా దీన్ని పాటించినంత నిష్ఠగా మరే చట్టాన్నీ పాటించరు (హెల్మెట్ చట్టం సంగతి మీకు తెలిసిందే). డాక్టరు గదిలో రెండు ఆసనాలుంటాయి. బల్ల పక్కన గుండ్రటి స్టూలు రోగిది. ఎదురుగా చేతుల కుర్చీ సాయం వచ్చినవారిది. స్టూలు మీద కూర్చున్నవారు నాలుక చాపవచ్చు, గట్టిగా ఊపిరి పీల్చవచ్చు, అడిగితే దగ్గవచ్చు. మాట్లాడేది కుర్చీ.

2006 వేసవిలో ఈ నియమం కిందికి వచ్చిన మనిషి ప్రమీలారాణి. వయసు నలభై తొమ్మిది, అంగలకుదురు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచరు. ఆవిడ పాఠం చెబుతుంటే గ్రౌండులో కబడ్డీ ఆడే పిల్లలు కూడా మొగల్ సామ్రాజ్యం నేర్చుకుని ఇంటికి పోయేవారు. అలాంటి మనిషికి చలికాలంలోనే చెమటలు మొదలయ్యాయి. ఛాతీలోంచి ఆవిరి లేచి మెడ మీదుగా చెవుల దాకా పాకేది. జాకెట్టు తడిసి ముద్దయ్యేది, అంతలోనే వణుకు పుట్టేది. నిద్ర కరువైంది. ఫోను మోగితే ఎవరో పోయారని దడ, మోగకపోతే పోయిన సంగతి తనకు చెప్పడం లేదని దడ.

నెలసరి ఆగిపోయే వయసులో ఇవన్నీ వచ్చేవే. ఈ దశకు తెలుగులో ఒక పేరుంది, ఇంగ్లీషులో ఇంకో పేరుంది. రెంటికీ ఆ ఇంట్లో ప్రవేశం లేదు కనుక “అది” అనేవారు. “అది” అనడానికి కూడా ఆడవాళ్ళకే, వంటింట్లోనే, కుక్కరు కూత వేస్తున్నప్పుడు మాత్రమే అనుమతి.

అంతవరకూ ఓర్చుకుంది గానీ, మార్చిలో ఒకరోజు ఏడో తరగతిలో హుమాయూన్ మెట్ల మీద నుంచి పడి చనిపోయాక ఆ తర్వాత ఎవరో ఆవిడకు గుర్తు రాలేదు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అక్బరే వస్తున్నాడు. ఆ రోజు రాలేదు. గుండె డప్పులా మోగింది, చేతిలో సుద్దముక్క విరిగింది, ఆవిడ వరండాలోకి పరుగెత్తింది. వెనకనుంచి క్లాసంతా “టీచర్, అక్బర్ అండీ!” అని జాలిగా అరిచింది. ఆ జాలి ఆవిడకు నచ్చలేదు.

భర్త బసవపున్నయ్యకు తెనాలిలో ఎరువుల కొట్టు ఉంది. చెడ్డవాడు కాదు, భార్య అంటే ప్రేమే. ఆ ప్రేమతోనే వాలంటరీ రిటైర్మెంటు దరఖాస్తు తెప్పించి టీవీ మీద పెట్టాడు.

“జూన్లో బడి తెరిచే లోపల తగ్గకపోతే సంతకం పెట్టేయ్ ప్రమీలా. ఇంట్లో హాయిగా కూర్చో. ఎందుకొచ్చిన బాధ?” అన్నాడు, టేబుల్ ఫ్యాను తనవైపు తిప్పుకుంటూ.

హాయిగా అన్న మాట వినగానే ఆవిడకు దడ రెట్టింపయింది. బడి కూడా పోతే తనకు మిగిలేది ఆ దడ ఒక్కటేనని ఆవిడకు తెలుసు. జూన్ లోపల తగ్గాలి. తగ్గాలంటే డాక్టరుకు చెప్పుకోవాలి. చెప్పుకోవాలంటే సాయం కావాలి.

మొదటి విచారణ తెనాలిలోనే జరిగింది. ప్రమీలారాణి స్టూలు మీద, బసవపున్నయ్య కుర్చీలో.

“ఏంటండి సమస్య?” అని డాక్టరు కుర్చీని అడిగాడు.

“ఏం లేదండి. ఊరికే ఆలోచిస్తది.”

“నిద్ర పడుతుందా?”

“బ్రహ్మాండంగా పడుద్దండి,” అన్నాడు బసవపున్నయ్య. (ఆయన అబద్ధం చెప్పలేదు. తన నిద్ర గురించి ఆయనకు పూర్తి సమాచారం ఉంది.)

“ఆకలి?”

“దానికేం లోటు లేదండి. పొద్దున్నే నాలుగు ఇడ్లీలూ, పైన పెసరట్టూ.”

ప్రమీలారాణి పొద్దున పూట తినేది ఒక ఇడ్లీ, అది కూడా నిలబడి. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది. తెరిచిన నోట్లో డాక్టరు థర్మామీటరు పెట్టాడు.

“గ్యాస్,” అని తీర్పు ఇచ్చాడు.

డెల్టాలో గ్యాస్ వల్ల రాని జబ్బు లేదు. ఒక్క వంట మాత్రం గ్యాస్ వల్ల సరిగా జరగదు, సిలిండరు సమయానికి రాదు కాబట్టి. గులాబీ రంగు ద్రవం సీసా, బలానికి మాత్రలు పట్టుకుని ఇల్లు చేరారు. దడ తగ్గలేదు. త్రేన్పులు మొదలయ్యాయి.

రెండో విచారణ బాపట్లలో. బసవపున్నయ్య అక్క అనసూయ అక్కడే ఉంటుంది. “ఒరే పున్నయ్యా, గుండె దడంటే గుండె డాక్టరుకే చూపియ్యాల్రా, ఆమాత్రం తెలవదా?” అని తనకు తెలిసిన ఆసుపత్రికి తనే తీసుకెళ్ళింది. సాయం ఇద్దరు వచ్చినప్పుడు వయసులో పెద్దవారే మాట్లాడవలెనని ఉపనియమం ఉంది. అందుచేత కుర్చీలో అనసూయ కూర్చుంది. బస్సులో నిలబడి కాళ్ళు పీకుతున్న బసవపున్నయ్య, ఖాళీగా కనిపించింది కదా అని స్టూలు మీద కూలబడ్డాడు. ప్రమీలారాణి తలుపు దగ్గర, క్యాలెండరు పక్కన నిలబడింది.

“మా మరదలండి, అస్తమానం భయపడుద్ది,” అని మొదలుపెట్టింది అనసూయ. “ఇట్టాంటోళ్ళ గురించి ఆలోచించీ ఆలోచించీ నాకు మోకాళ్ళు పట్టేశాయండి. మెట్లు ఎక్కలేను, దిగలేను. గుళ్ళో ప్రదక్షిణాలు కూడా మానేశాను.”

డాక్టరు సానుభూతిగా వింటూ స్టూలు మీదున్న చేతికి బీపీ పట్టీ చుట్టాడు.

“నాక్కాదండి,” అన్నాడు బసవపున్నయ్య.

స్టూలు మాట చెల్లదు. పట్టీ బిగిసింది, పాదరసం పైకి పోయింది, అక్కడే కాసేపు ఉండిపోయింది. డాక్టరు కనుబొమలు కూడా పైకి పోయాయి. చివరికి అనసూయకు మోకాళ్ళ నూనె, బసవపున్నయ్యకు జీవితాంతం బీపీ మాత్ర, నెలనెలా పరీక్ష రాశాడు. లేవబోతుంటే ఆయన చూపు క్యాలెండరు మీద పడి, దాని పక్కనున్న మనిషి మీదికి జారింది. “ఈవిడకి రోజూ ఒకటి వేయండి, ఆందోళన తగ్గుద్ది,” అని మరో చీటీ రాశాడు. ఆ పూట రాసిన మూడు చీటీల్లో ఆవిడ వాటా అది.

మాత్ర వచ్చింది కదా అని సంబరపడటానికి వీల్లేదు. ఇంట్లో వెంటనే మాత్రల పర్యవేక్షణ సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు అనసూయ (బాపట్ల నుంచి, ఫోను ద్వారా). కార్యదర్శి బసవపున్నయ్య. సభ్యులు లేరు. ప్రమీలారాణి లబ్ధిదారు.

“అమ్మో, అట్టాంటి మాత్రలు అలవాటైపోతాయిరా,” అని అధ్యక్షురాలు హెచ్చరించగానే రోజుకొకటి అరగా మారింది. అర పావు అయింది. పావును కత్తిపీట మీద కోస్తే పొడి అయి, సగం చీమల పాలైంది. (ఆ వారం ఆ ఇంటి చీమలు ఎంతో నిబ్బరంగా తిరిగాయి.) ఆపైన “అవసరమైతేనే వేయవలెను” అని సవరణ వచ్చింది. అవసరం ఉందని లబ్ధిదారు అంటే చాలదు, కార్యదర్శి గుర్తించాలి. అవసరం వచ్చేది కార్యదర్శి గుర్రుపెట్టే వేళల్లో. మాత్రల డబ్బా ఆయన కొట్టు తాళాలతో కలిసి ఆయన దిండు కిందే నిద్రపోయేది.

“ప్రశాంతంగా ఉంచండి” అని డాక్టరు చీటీ చివర రాసినందుకు సంఘం ఆవిడను సూర్యలంక సముద్రానికి కూడా తీసుకెళ్ళింది. అక్కడ బసవపున్నయ్య సెల్‌ఫోనులో డీఏపీ బస్తాల గురించి అరుస్తూ, మధ్యమధ్య “ప్రశాంతంగా ఉందా?” అని అడిగాడు. అదే సమయానికి ఆవిరి తన్నుకొచ్చి, ప్రమీలారాణి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి గబగబా నీళ్ళలోకి నడిచింది. “మునుగుతావే!” అని బసవపున్నయ్య ఫోను ఇసకలో పడేసి పరుగెత్తాడు. మోకాలి లోతు నీళ్ళలో ఆవిడకు హాయిగా ఉంది. ఆ ఒక్క హాయినీ కార్యదర్శిగారు చెయ్యి పట్టి బయటికి లాగారు.

మే నెల అయిపోవచ్చింది. దరఖాస్తు మీద రిమోటు, రిమోటు మీద దుమ్ము. ఆ పరిస్థితిలో బసవపున్నయ్య నెలవారీ బీపీ పరీక్ష వచ్చిపడింది. రేపల్లెలో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే ఉన్న ఆసుపత్రి ఒకటుందని, రద్దీ తక్కువని కొట్టుకు వచ్చిన రైతు చెప్పాడు. ప్యాసింజరు రైలెక్కారు. వేమూరు దాటాక ప్రమీలారాణికి ఒక సంగతి తట్టింది. ఈసారి రోగి ఆయన. సాయం తను.

గదిలోకి వెళ్ళగానే బసవపున్నయ్య అలవాటుగా కుర్చీ వైపు నడిచాడు. “పేషెంటు స్టూలు మీద,” అన్నాడు కాంపౌండరు. ప్రమీలారాణి కుర్చీలో కూర్చుంది. దానికి చేతులున్నాయి, వీపుకు ఆనుకునే చోటుంది. డాక్టరు పూర్తిగా ఆవిడవైపు తిరిగి, “చెప్పండమ్మా,” అన్నాడు.

ఎవరితో అంటున్నాడా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ ఉంది.

“ఈయనకండీ,” అంది ప్రమీలారాణి, “నిద్ర పట్టదండి.”

“నాకా?” అన్నాడు స్టూలు మీద బసవపున్నయ్య.

“మీరుండండి,” అన్నాడు డాక్టరు. “చెప్పండమ్మా.”

“ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లండి. బట్టలు పిండేంత చెమట. గుండె దడ. టీవీలో సబ్బు ప్రకటన వచ్చినా ఏడుపొస్తుందండి.”

“నేనెప్పుడు ఏడ్చానే?”

“చిరాకు కూడా ఉంది,” అని డాక్టరు రాసుకున్నాడు.

“నలుగురిలోకి వెళ్ళాలంటే భయమండి. ఇన్నేళ్ళుగా వచ్చిన పని రాకుండా పోతుందేమోనని భయం. పిచ్చెక్కుతుందేమోనని భయం. ఎవరికన్నా చెప్పుకుందామంటే, ఏంటమ్మా నీ బాధ అని అడిగినవాళ్ళు లేరండి.” బసవపున్నయ్య ఈసారి “నాకా” అనలేదు. స్టూలు మీదనుంచి భార్య ముఖం వంక నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

డాక్టరు కళ్ళజోడు తీశాడు. “ఇవే ఆడవాళ్ళకైతే ఈ వయసులో మామూలేనమ్మా, పట్టించుకోనక్కర్లేదు. మగమనిషికి ఇన్ని బాధలంటే చిన్న విషయం కాదు. ఈ పూటే అడ్మిట్ చేసుకుంటాను. గుంటూరు నుంచి స్పెషలిస్టును పిలిపిద్దాం. పని మానిపించేయండి.”

“కొట్టు మానెయ్యాలా?” అన్నాడు బసవపున్నయ్య.

“ఇంట్లో హాయిగా కూర్చోండి. ఎందుకొచ్చిన బాధ?”

బసవపున్నయ్య లేచి నిలబడ్డాడు. “అయ్యా, అవన్నీ నాయి కాదండి. మా ఆవిడవండి!”

రాస్తున్న పెన్ను ఆగింది. “ఆవిడవా?” అని డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “ఆ ముక్క ముందే చెప్పొద్దుటండీ? ఊరికే కంగారుపెట్టారు.” అని పెన్నుకు మూత పెట్టేశాడు. “పక్క గదిలో మా ఆవిడ ఉంటుంది, చూపించుకోండి.”

వరండాలోకి వచ్చాక ప్రమీలారాణికి నవ్వాగలేదు. గోడ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, పొట్ట నొప్పెట్టేదాకా నవ్వింది. బెంచీ మీద జనం కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. బసవపున్నయ్య మాత్రం నవ్వలేదు.

“నిజంగానే సబ్బు ప్రకటనకి ఏడుస్తన్నావా?”

“ఏడుస్తున్నానండి.”

“నేను పక్కనే కూర్చుంటాగా. కనపళ్ళేదేంటి?”

“మీరు ఫ్యాను వంక చూస్తుంటారు.”

“మరి చెప్పొచ్చుగా, ప్రమీలా?”

“సాయం వచ్చినవాళ్ళే చెప్పాలి కదండీ,” అంది ప్రమీలారాణి.

పక్క గదిలో ఆసనాలు యథాస్థానాలకు వచ్చాయి. డాక్టరమ్మ కుర్చీ వైపు చూసింది. బసవపున్నయ్య చేతులు కట్టుకుని, ఆవిర్ల నుంచి సబ్బు దాకా, విన్నది విన్నట్టు, ఒక్కటి కూడా వదలకుండా అప్పజెప్పాడు. పిచ్చెక్కుతుందన్న భయాన్ని రెండుసార్లు చెప్పాడు. డాక్టరమ్మ అంతా విని, స్టూలు వైపు తిరిగింది.

“ఇంకేమన్నా ఉందామ్మా?”

“అక్బర్ గుర్తు రావట్లేదండి.”

డాక్టరమ్మ నవ్వలేదు. “వస్తాడు. కిందటేడు ఆపరేషను మధ్యలో నాకు కత్తెర అన్న మాట గుర్తు రాలేదు. చెయ్యి చాపి అట్టాగే నిలబడ్డా. పిచ్చి కాదమ్మా ఇది, వయసు. మందుంది, తగ్గుద్ది.” థైరాయిడ్ పరీక్ష, క్యాల్షియం, నిద్రకొకటి, రోజూ ఉదయం వేసుకునే మాత్ర ఒకటి రాసి, “కొయ్యకండి,” అని కుర్చీకి గట్టిగా చెప్పింది. బాపట్లకు ఫోను చేసి సంఘాన్ని రద్దు చేశారు. డబ్బా ప్రమీలారాణి హ్యాండ్‌బ్యాగులోకి మారింది.

జూన్లో బడి తెరిచారు. దరఖాస్తు మీద అప్పటికి కందిపప్పు ఎండుతోంది. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఆవిర్లు పూర్తిగా పోలేదు గానీ, దడ లొంగింది. హుమాయూన్ మళ్ళీ మెట్ల మీద నుంచి పడ్డ రోజున ప్రమీలారాణి సుద్దముక్క గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. అక్బర్ వచ్చాడు. ఆ వెనకే, పిలవకుండానే, జహంగీరూ షాజహానూ కూడా వచ్చారు.

బసవపున్నయ్య విషయానికొస్తే, ఆయన ఇప్పుడు ఈ సబ్జెక్టులో నిపుణుడు. “అది” అనడు, “మెనోపాజ్” అనే అంటాడు, యూరియా బస్తాలు తూకం వేస్తూ కూడా అంటాడు. చుండూరు నుంచి కూడా భర్తలు సలహాకు వస్తున్నారు. భార్య మెనోపాజ్‌ను ఇంత ధైర్యంగా ఎదుర్కొన్న మగవాడు ఈ చుట్టుపక్కల లేడని మొన్న ఎరువుల వర్తకులంతా కలిసి ఆయనకు శాలువా కప్పారు. ఆ సభకు ప్రమీలారాణి సాయం వెళ్ళింది. పొగడ్తల మధ్యలో ఆవిడకు ఆవిరి లేచి ముఖమంతా చెమటలు కమ్మాయి. శాలువా వేడికి బసవపున్నయ్య నుదుటి మీద కూడా ఒక చుక్క మెరిసింది. ముందు వరసలోని వారు “అయ్యో పాపం” అంటూ లేచి, ఫ్యాను ఆయనవైపు తిప్పారు.