ఆసుపత్రి అనుభవం

ఒక పెద్ద అడవిలో డాక్టరు ఒక్కడే ఉండేవాడు. ఆయన తాబేలు, పేరు కూర్మారావు. హస్తవాసి మంచిదే. కాకపోతే కబురందగానే బయల్దేరినా, ఆయన చేరేసరికి రోగి తనంతట తనే కోలుకుని తిరుగుతూ ఉండేవాడు, లేదా దినం భోజనాలు జరుగుతూ ఉండేవి.

అందుకని కూర్మారావు సింగారి అనే కొండముచ్చుకు సహాయకురాలిగా పని నేర్పాడు. ఆకు నూరడం, కట్టు కట్టడం, ముల్లు తీయడం అన్నీ ఆమెకు వచ్చాయి. కొమ్మల మీదుగా అడవి ఆ చివరికి ఇట్టే వెళ్లగలదు. అయితే వైద్య మండలి లైసెన్సు లేనిదే సహాయకులు ఎవరి ఒంటిమీదా చెయ్యి వేయకూడదు. ఒకసారి కుందేలు పిల్ల కాలు చీరుకుపోయి ఏడుస్తుంటే సింగారి చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చింది. ఆ పూట ఆమెకు తిండి సయించలేదు. వెంటనే వెళ్లి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంది.

మండలి కార్యదర్శి జంబులింగం అనే నక్క. ఆ లైసెన్సు తన తమ్ముడు గవరయ్యకే రావాలని జంబులింగం భార్య ఇంట్లో పోరు పెట్టింది. గవరయ్య పనీపాటా లేని గుంటనక్క. కనిపించిందల్లా తినడం, కడుపు పట్టుకుని ఆసుపత్రిలో పడుకోవడం, అంతే అతని జీవితం.

జంబులింగం బాగా ఆలోచించి కొత్త నిబంధన పెట్టించాడు. ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ కాలం గడిపినవారికే లైసెన్సు. డాక్టరు మందులు మోసుకుంటూ అడవంతా తిరిగిన సింగారికి ఆసుపత్రి అనుభవం చాలదని తేలింది. మంచం దిగని గవరయ్యకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది. అతను గడిపింది రోగిగా కదా అని అధ్యక్షుడు వరహాలరావు అనే అడవిపంది నసిగాడు. ఎలా గడపాలో నిబంధనలో లేదన్నాడు జంబులింగం. భోజనం వేళ దాటుతోందని వరహాలరావు ఒప్పేసుకున్నాడు.

బావమరిదికి లైసెన్సు వచ్చిన సంతోషంలో జంబులింగం విందు చేయాలనుకున్నాడు. ఏదుపంది పిల్లల మీద పడబోయాడు. తల్లి చూసి, ఒళ్లంతా ముళ్లు విప్పుకుని వెనక్కి దూసుకొచ్చి, పారిపోబోతున్న జంబులింగం పిరుదుల నిండా దింపేసింది.

డాక్టరుగారు బయల్దేరారని కబురొచ్చింది. అది విన్నాక నొప్పి ఇంకాస్త పెరిగింది. గవరయ్యను పిలిపించారు. అతను వచ్చి తనకు తెలిసిన వైద్యమంతా చేశాడు. అంటే, బావ పక్కన పడుకుని గట్టిగా మూలిగాడు.

“ముళ్లు తియ్యరా,” అన్నాడు జంబులింగం.

“తొందరపడకు బావా. ఇలా మూలుగుతూ ఉంటే కాసేపటికి గంజి తెస్తారు. నాకెప్పుడూ అలాగే తగ్గింది.”

పక్క కొమ్మమీదున్న సింగారిని జంబులింగం బతిమాలాడు. ఆమెకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. కుందేలు పిల్ల గుర్తొచ్చేసరికి ఒళ్లు మండింది కూడా.

“తీస్తాను సెక్రటరీ గారూ. ముందు లైసెన్సు ఇప్పించండి. మీ నిబంధన మీరే మీరితే ఎట్లా?”

అక్కడికక్కడే మండలి సమావేశమైంది. నిలబడే చెయ్యెత్తుతానన్నాడు జంబులింగం. వరహాలరావు ఒప్పుకోలేదు.

“కూర్చున్నవాళ్ల ఓటే చెల్లుతుందండీ. కొంగ ఎప్పుడూ నిలబడే ఉంటుంది, దాని ఓటు పోవాలని ఈ నిబంధన మీరే కదా పెట్టించారు.”

జంబులింగం రాతి కుర్చీలో కూర్చున్నాడు. ఆ కేకకు చెట్లమీది పిట్టలన్నీ లేచిపోయాయి. గత సమావేశం వివరాలు చదివి వినిపించడం మండలి ఆనవాయితీ. వరహాలరావు అదీ మానలేదు, పైగా నిదానంగా చదివాడు. ఆ తరువాతే పాత నిబంధన రద్దయింది, సింగారికి లైసెన్సు ఏకగ్రీవంగా మంజూరైంది. ఆమె దిగి వచ్చి ముళ్లన్నీ ఓపిగ్గా లాగింది.

నీతి: కుర్చీలో ఉన్నవాడికి కింద ఏదో ఒకటి గుచ్చుకుంటే తప్ప, పని వచ్చినవాడికి లైసెన్సు రాదు.