పెరటికొలిమి చక్రవిజయము

స్వస్తి! మండుటెండ మేడమీది తొట్లలో నీళ్లను మరిగించుచుండ, ఇరుగుపొరుగులు భుక్తాయాసమున గుర్రుపెట్టుచుండ, ఒకానొక ఆదివారపు మధ్యాహ్నమున, ఒక ఇంటి పెరటి రేకులషెడ్డులో, ఆఫీసున ఫైళ్లు తప్ప మరేదియు కదిల్చి యెరుగని గుమాస్తాకులతిలకుడొకడు రంగుడబ్బాతో చేసిన కొలిమి యెదుట పండ్లు పటపట కొరుకుచు నిలిచెను.

ఈ సంరంభమునకు హేతువు, అతని యర్ధాంగి కుట్టుమిషను చక్రము పగులుటయే. సాయంత్రములోగా కర్టెన్లు కుట్టి ఎదురింటికి ఈయకున్న ఆ బేరము వీధిచివరి దర్జీ పాలగును.

"బజార్లో దొరుకుతుందండీ, తమ్ముణ్ణి పంపిస్తాను," అన్నదామె.

పెండ్లినాటినుండి ఇంట ఏ వస్తువు చెడినను "మీరు ముట్టుకోకండి" అను మాటయే వినివిని చెవులు కాయలుగాచిన ఆ అభిమానధనుడు మీసము దువ్వి, "కొనుటయా! ఈ భుజదండములుండగా అంగడివాని యెదుట చేయి చాచుటయా! చక్రమును నేనే పోతపోసెద!" అని గర్జించెను.

సొట్టగిన్నెలు, పిడిలేని మూతలు అగ్నికాహుతులయ్యెను. ఇల్లాలు జుట్టు ఆరబెట్టుకొను యంత్రమే వాయుదేవుడై కొలిమి నూదెను. కరగిన అల్యూమినియము పాదరసమువలె తళతళలాడ, వీరుడు పైన తేలిన చిట్టెమును గరిటెతో తీసి, ఇసుక అచ్చులో పోసెను. లోహము సగము దారిలోనే గడ్డకట్టెను.

"అష్టమి చంద్రుడిలా ఉంది బావా," అనెను బావమరిది. "పౌర్ణమి దాకా ఆగుదామా?"

రెండవ పోతలో తడియిసుక ఆవిరియై భుగ్గుమని ఎగజిమ్మగా, రణధీరుడు "అమ్మోయ్!" అను సింహనాదముతో నీళ్లడ్రమ్ము వెనుకకు లంఘించెను. మీసము ఒకవైపు కమిలెను.

"తడెక్కువైంది బావా."

"తడి కాదురా మూఢా! నన్ను గాంచి ఇసుక కార్చిన భయాశ్రువులు!"

మూడవ పోతలో, ఆరిన యిసుకనుండి, గుండ్రమనదగిన చక్రముద్భవించెను. కాని చల్లారి కుంచించుకొనిన దాని రంధ్రము ఇరుసునకు పట్టదాయె. ఆకురాయితో రాచిరాచి, వ్రేళ్లు బొబ్బలెక్క, పొద్దు వాలువేళకు గుమాస్తా దానిని మిషనుకు బిగించెను. ఆమె కర్టెను అడుగుమడతను సూదిక్రింద నుంచి త్రిప్పెను. చక్రము తప్పతాగినవానివలె ఊగుచు తిరిగి, జానెడు కుట్టు వేయించి, కీచుమని నిలిచిపోయెను.

ఆమె గుడ్డను కన్నులకు దగ్గరగా పెట్టుకొని చూచెను. "తిన్నగానే పడిందండీ."

పిదప బట్టలకుప్ప క్రిందినుండి అంగడి చక్రమొకటి బయటికి తీసెను. వీరభాష ఒక్కసారిగా జారిపోయి, "ఎప్పుడు తెప్పించావ్?" అనెను గుమాస్తా.

"మీరు అమ్మోయ్ అన్నప్పుడే."

ఆమె కత్తెర అందుకొనెను. తన కుట్టు విప్పివేయునని అతడు తల త్రిప్పుకొనెను. ఆమె దారపుకొన మాత్రము కత్తిరించి, కొత్త చక్రము బిగించి, అతని కుట్టు ఆగినచోటినుండియే మొదలుపెట్టెను.

అట్లు ఎదురింటి కిటికీతెర అడుగుమడతలో, ఎవ్వరును వంగి చూడనిచోట, ఉతుకుళ్లకు ఓర్చినంతకాలము ఆ మహావీరుని కీర్తి వెలయుచుండును. జయము! జయము! జానెడు జయము!