కొసరుతో చెప్పిన చల్లమిషను

ఆ పొద్దున ఓబులేసు పెట్టుకున్న పని చిన్నది. తమ గది కొలుచుకుని, రైలెక్కి హిందూపురం పోయి, ఆ కొలతకు సరిపడే ఎయిర్ కండిషనర్ తెప్పించమని చెప్పి, చీకటి పడకముందే ధర్మవరం తిరిగి రావాలి.

పని చిన్నదే అయినా అతని కాపురం దాని మీదే ఆధారపడి ఉంది. పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది, అరవై ఆరో సంవత్సరం. కిందటేడు వానలు సరిగా పడలేదు. పట్టపగలు వీధిలో కుక్క కూడా కనిపించడం లేదు. కూతురు ఇందుమతి ఆ ఎండకు వాడిపోతోందని విని పెనుకొండ నుంచి మామ సంజీవప్ప కబురు పంపాడు. "పున్నమి పోయినాక వస్తా. గది చల్లగుంటే సరే. ల్యాకుంటే వానలు పడేదాకా బిడ్డను మా ఇంటికి తోడుకోని పోతా."

ఇందుమతికి పోవాలని లేదు. గది ఎంత ఉడికినా దానికి ఒక కిటికీ ఉంది. సాయంత్రం ఇద్దరూ అక్కడ కూర్చుని ఒకే గ్లాసులో మజ్జిగ తాగేవారు. ఎదురు మిద్దె మీద ఆరేసిన పట్టునూలు పసుపూ ఎరుపూ కలిసిపోయి గాలికి ఊగుతుంటే, అది చూడటానికే ఆమె పొద్దంతా ఎదురుచూసేది.

"మిషను వస్తే ఈ కిటికీ ఏమైతాది?" అంది టేపు ఒక కొస పట్టుకుని.

"యాడికి పోతాది? మిషను దాంట్లోనే ఒక మూల కూర్చుంటాది" అన్నాడు ఓబులేసు.

గది పది అడుగులకు పన్నెండు వచ్చింది. అరుగు మీద చీరలు మడతలు పెడుతున్న తండ్రి నారాయణప్ప ఆ మాట విని తలెత్తాడు.

"అట్లే చెప్తావా యాడన్నా? కొసరెయ్."

చీరలు నేయించే ఇళ్లలో బయట నుంచి ఏది తెప్పించినా కొంత కలిపే చెబుతారు. సగం చీరలో నూలు అయిపోతే మళ్లీ అదే రంగు దొరకదు. అందుకని నూలుకు కొసరు, జరీకి కొసరు, పెళ్లి విస్తరాకులకు కూడా కొసరు. నారాయణప్ప గదిని పదిహేనుకు పద్దెనిమిది చేశాడు.

"గదిలో ఎంతమంది ఉంటారని అడుగుతారంట గదరా" అంది కుళ్ళాయమ్మ అవ్వ మూల నుంచి. "ఇద్దరని చెప్పొద్దు. మధ్యాన్నం నేనూ ఆడికే వస్తా. పండక్కి మీ మేనత్తలు పిల్లోల్లతో దిగుతారు. పదిమందని చెప్పు."

ఓబులేసు బి.ఏ. చదివినవాడు. ఇది లెక్క కాదని అతనికి తెలుసు. అంగడిలో అసలు కొలతే చెప్పాలని రైలెక్కాడు కూడా. కానీ రైలు పెనుకొండ స్టేషనులో ఆగినప్పుడు, కొండ కింద మామగారి మిద్దె ఉన్న దిక్కు చూసేసరికి అతని పట్టు సడలింది. హిందూపురం చేరేలోగా గదికి ఒక వరండా కూడా కలిపాడు.

హిందూపురంలో రేడియోలు అమ్మే ఆదినారాయణ కొలత విని పెన్సిలు చెవి వెనక నుంచి తీశాడు.

"గది శానా పెద్దదే ఉండాదే. ఎండ పడతాదా?"

"పడమటి ఎండ."

"దుడ్లకు వెనకాడి చిన్నది తెప్పిస్తివంటే రేపు నా అంగడి ముందర కూర్చుని ఏడుస్తావు. మా అమ్మది ధర్మవరమే లేప్పా, మీ సంగతి నాకు తెల్దా. నేనూ రవంత కొసరేసి రాస్తా."

ఆదినారాయణ రాసింది చూసి బెంగళూరు కంపెనీ వాళ్లు అది టూరింగ్ టాకీసు అనుకున్నారో, కల్యాణ మంటపం అనుకున్నారో, ఏదీ అడగకుండా పంపించారు. స్టేషను నుంచి మిషను ఎద్దులబండి మీద వచ్చింది. బండి నిండిపోయింది. కిటికీలో పెట్టబోతే, కిటికీయే దానిలో పట్టేట్టుంది.

"తెచ్చినాక వాపసు పంపుతామా? గోడ తియ్యండి" అన్నాడు నారాయణప్ప.

చట్రం పీకారు, గోడ సగం పగలగొట్టారు, మిషను కూర్చోబెట్టి చుట్టూ మట్టి మెత్తారు. ఇందుమతి కిటికీ గూట్లోని మజ్జిగ గ్లాసు తీసుకుపోయి వంటింట్లో బోర్లించింది. ఆ తర్వాత గదిలో మిట్టమధ్యాహ్నం కూడా దీపం కావలసి వచ్చింది.

మిషను మొదలైతే వీధిలో బల్బులన్నీ ఎర్రగా కుంగిపోయేవి. కాఫీ తాగేలోగా గది చల్లబడేది, మిషను ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ మొదలయ్యేది, మళ్లీ ఆగేది. చలి వచ్చింది కానీ తేమ పోలేదు. గోడలకు చెమట పట్టింది. పక్కబట్టలు పిండకుండా పరిచినట్టయ్యాయి. పెళ్లి ఫోటోలో ఓబులేసు మొహం ఉబ్బింది.

"బాగుండాదా?" అని అడిగాడు దిగులుగా.

"ఎండాకాలంలో కంబళి కప్పుకునేది మా ఊర్లో ఎవరికుంది?" అని ఇందుమతి నవ్వింది. నవ్వుతుంటే చలికి పళ్లు టకటకలాడాయి.

పున్నమి పోయిన మర్నాడు సంజీవప్ప మధ్యాహ్నం రైలుకు దిగాడు. ఎండన పడి వచ్చి, చెమట చొక్కాతోనే గదిలో కూర్చున్నాడు. కాళ్లు ముడుచుకున్నాడు. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. తర్వాత తుమ్మడం మొదలుపెట్టాడు.

"ఎండకు మాడుతాందని వస్తి బావా" అన్నాడు నారాయణప్పతో, తుమ్ములు కాస్త ఆగాక. "ఈడ చలికి బిగుసుకపోయేట్టుండాది. ఎట్లయినా నా బిడ్డను తోడుకోని పోవల్సిందే."

ఓబులేసు నోరు తెరిచేలోగా మిషను మూలిగి ఆగింది. వీధి మొత్తం కరెంటు పోయింది. చీకటైపోయిన మగ్గం గదుల్లోంచి లేచి వచ్చినవాళ్లు గుమ్మం ముందు మూగారు. అందరి ముందూ పక్కింటి మారప్ప ఉన్నాడు.

"ఏమప్పా నారాయణప్పా, నీ కొడుకు చల్లగా పండుకుంటే మేము చీకట్లో నెయ్యల్లనా?"

కరెంటు మనిషి వచ్చి, ఆ మిషను తీస్తే తప్ప వీధికి తీగ కలపనన్నాడు. పొద్దు వాలేలోగా నలుగురు కలిసి దాన్ని పెరికి పెరట్లో పడేశారు. కుళ్ళాయమ్మ దాని మీద వడియాలకు చోటు చూసుకుంది. ఒళ్లు కాగుతున్న సంజీవప్పను ఆ గదిలోనే మంచం మీద పడుకోబెట్టారు. మిషను పోయిన చోట గోడలో పెద్ద కన్నం మిగిలింది. అందులోంచి, ఎదురు మిద్దెల మీదుగా, అంతవరకు ఆ ఇంట్లో ఎవరికీ తెలియని గాలి వచ్చింది. సంజీవప్ప పొద్దెక్కేదాకా లేవలేదు.

లేవగానే ఓబులేసు ఎదురుపోయాడు. "మామా, గది చల్లగుండాది గదా. మీ మాట ప్రకారం ఇందు ఈడే ఉండొచ్చు."

"శానా చల్లగుండాది అల్లుడూ" అన్నాడు సంజీవప్ప, రొంప గొంతుతో. "ఇట్లాంటి గాలి పెనుకొండలో మా మిద్దెకు ల్యా. ఈ జ్వరంతో నేను కదలలేను. వానలు పడినాక చూద్దాం. ఆడ మీ అత్త ఒక్కతే ఉండాది పాపం. పిల్లను ఈ బండికి పంపించు."

కుళ్ళాయమ్మ పిల్ల పెట్టె సర్దింది. ఇందుమతి గ్లాసులో మజ్జిగ పోసి సగం తాగి, మిగతా సగం కన్నం దగ్గర పెట్టింది. ఎదురు మిద్దె మీద ఆ పూట నీలం నూలు ఆరేశారు. ఒకసారి చూసి వెళ్లిపోయింది.

స్టేషను నుంచి ఓబులేసు తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది. సంజీవప్ప మీసం తుడుచుకుని మంచం మీద జరిగాడు.

"రా అల్లుడూ, ఇద్దరికీ సరిపోతాదిలే."

ఆ ఇంట్లో కొసరు వేయకుండా, సరిగ్గా ఇద్దరి కొలతకే చేయించింది ఆ మంచం ఒక్కటే.