పాట ఆగితేనే పఫ్‌లు

మనిషి కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది ఉపసంఘం. నిప్పు చేతులు కాలుస్తుంది, చక్రం కాళ్ల మీదికెక్కుతుంది, ఉపసంఘం మాత్రం ఎవరికీ ఏమీ చెయ్యదు. ఈ సత్యం ఎరిగిన చర్చి పెద్దలు, సంఘంలోని పెళ్లికాని పడుచువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ముదిరిపోతున్నారని గుర్తించి, ఏటా ఒక యువజన విందు, డాన్సు కార్యక్రమం పెట్టాలని తీర్మానించారు. దాని కింద విందుకొక ఉపసంఘం, క్రమశిక్షణకొక ఉపసంఘం, కుర్చీలకొక ఉపసంఘం వేశారు. (పడుచువాళ్లని కలపడానికి ఉపసంఘం వెయ్యలేదు. అది దానంతటదే జరుగుతుందని నమ్మకం.)

విందు ఉపసంఘానికి అధ్యక్షురాలు కోశాధికారిగారి భార్య. ఆవిణ్ణి అందరూ పెద్దాంటీ అంటారు. క్రమశిక్షణ ఉపసంఘానికి అధ్యక్షులు ఆవిడ సొంత అన్నగారే, రిటైరైన హెడ్మాస్టరు. ఇక విందు ఉపసంఘంలో సభ్యులెవరయ్యా అంటే బంగారుతల్లి. ఆమె కాక ఇంకెవరు అంటే, మళ్లీ బంగారుతల్లే.

అది ఆమె అసలు పేరు కాదు. చర్చిలో ఎవరైనా "బంగారుతల్లీ" అని పిలిస్తే, ఆ పిలుపు వెనకాలే ఒక పని కూడా నడిచి వస్తోందని అర్థం. ఆమెకి కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. పొద్దస్తమానం జనం చూపు సరిచేసి పంపిస్తుంది. (ఆమెని సరిగ్గా చూసినవాళ్లు మాత్రం ఇంకా తగల్లేదు.) నియమాల ప్రకారం ముప్ఫై అయిదేళ్లు దాటితే యువత కాదు. ఆమెకిదే ఆఖరి ఏడు. ఇన్నేళ్లలోనూ ఆమె ఆ హాల్లో అడుగు పెట్టింది ఖాళీ ట్రేలు ఏరడానికే.

"ఈసారన్నా ఆ వంటింట్లో దూరకే," అంది అమ్మ, నీలం గౌను ఇస్త్రీ చేస్తూ. "పోయినేడు ఈ గౌనుని చూసింది పొయ్యి ఒక్కటే."

"లేదమ్మా. ఈసారి గట్టిగా చెప్పేస్తాను."

"ఏమని?"

"కుదరదని."

"ఏదీ, నన్నే మీ పెద్దాంటీ అనుకుని ఒకసారి అను."

బంగారుతల్లి గొంతు సవరించుకుంది. "అదీ... అంటే... అలాగేనాంటీ," అంది.

అమ్మ ఇస్త్రీపెట్టె దించి నిట్టూర్చింది.

అవతల మెనూ ఖరారు చేసే సమావేశం అన్నాచెల్లెళ్ల మధ్య వాడిగా సాగింది.

"ఒంటిచేత్తో తినేవి పెడదాం అన్నయ్యా," అన్నారు పెద్దాంటీ. "రెండో చెయ్యి డాన్సుకి ఖాళీగా ఉండాలిగా."

"నా బెంగంతా ఆ రెండో చెయ్యి గురించే," అన్నారు మాస్టారు. "ఒక చేతిలో ప్లేటు, రెండో చేతిలో గ్లాసు. కింద పెట్టడానికి హాల్లో ఒక్క బల్ల కూడా ఉండకూడదు. చేతులు రెండూ నిండుగా ఉన్న యువతకి శోధనలు తక్కువ."

"మరి తినడం ఎలా?"

"అది విందు ఉపసంఘం పరిధి."

తర్వాత ఉల్లిపాయ వచ్చింది. పిల్లలు దగ్గరగా నిలబడి మాట్లాడుకోవాలి కాబట్టి పఫ్‌లలో ఉల్లిపాయ వద్దని చెల్లెలు. పిల్లలు దగ్గరగా నిలబడి మాట్లాడుకుంటారు కాబట్టే దండిగా వెయ్యాలని అన్న. చివరికి సోదరప్రేమ గెలిచింది. సగం పఫ్‌లలో వెయ్యాలనీ, ఏ సగమో ఎవరికీ చెప్పకూడదనీ ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఆ సాయంత్రం బంగారుతల్లి నీలం గౌనులో, పక్కవాకిలి జోలికి పోకుండా, తల ఎత్తుకుని సింహద్వారం గుండానే వచ్చింది. ఎదురుగా పెద్దాంటీ.

"వందనాలు బంగారుతల్లీ! గౌను ఎంత బాగుందో!"

"ఆంటీ, ఈసారి నేను..."

"అయిదు నిమిషాలే తల్లీ. కాస్త ఓవెన్ చూసి వచ్చెయ్యి." అంటూనే ఏప్రన్ మెడలో వేశారు. దండ వేసినట్టే వేశారు. (పెద్దాంటీగారి అయిదు నిమిషాలకి సాయంత్రమంతా పడుతుందని సంఘంలో పసిపిల్లలకి కూడా తెలుసు.)

వంటింట్లో పచ్చి పఫ్‌లు ట్రేలలో కొలువు తీరి ఉన్నాయి. ఆమె ఓవెన్ పెట్టింది. అటు హాల్లో సౌండుబాక్సులు పెట్టారు. చర్చి మొత్తం చీకటైపోయింది.

ఆ చీకట్లో పెద్దలకి ఒక విషయం తట్టింది. యువతలో ఒకతను లిఫ్టులు బాగుచేస్తాడు. అతను కార్యక్రమానికి రావడం ఇదే మొదలు. కొత్త బూట్లు తొడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకుని, ఏ గోడ దగ్గర నిలబడాలో తేల్చుకోకముందే అతన్ని వంటింట్లో మెయిన్ స్విచ్చి దగ్గరికి తరలించారు.

"ఫ్యూజు కాదండి," అన్నాడు టార్చి వేసి చూసి. "ఓవెనూ పాటా రెండూ కలిసి లాగితే ఈ లైను మొయ్యదు. ఏదో ఒకటే."

ఉపసంఘాలు గుమ్మంలోనే అత్యవసరంగా సమావేశమయ్యాయి. విందు ఆగడానికి వీల్లేదు, డాన్సు ఆగడానికి వీల్లేదు. కాబట్టి పాట వస్తున్నంతసేపూ ఓవెన్ ఆపాలి, పాట అవగానే ఓవెన్ వెయ్యాలి. "స్విచ్చి దగ్గర బ్రదర్ ఉంటాడు," అని మాస్టారు ప్రకటించి, అతని భుజం తట్టి వెళ్లిపోయారు. అలా డాన్సుకి వచ్చిన మనిషి డాన్సుకి కరెంటు ఇచ్చే మనిషయ్యాడు.

పాట మొదలైంది. అతను ఓవెన్ ఆపాడు. పాట ఆగింది. ఓవెన్ వేశాడు. పఫ్‌లు కొంచెం వేడెక్కి, అంతలోనే మనసు మార్చుకుంటున్నాయి.

"మీ బూట్లు బాగున్నాయండి," అంది బంగారుతల్లి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"డాన్సు కోసమే కొన్నానండి. నేల మీద తాటిస్తే టకటకమంటాయన్నాడు షాపువాడు. ఇంకా వినలేదు." ఆగి, "మీ గౌను కూడా," అన్నాడు.

"ఏప్రన్ కిందది మీకెలా కనిపించింది?"

"అంచు కనిపిస్తోందిగా. నీలం."

ఆమె గౌను అంచు వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత అతని వైపు చూసింది, షాపులో చూసే చూపు. "గోడ మీద ఆ గడియారం చూడ్డానికి మీరు కళ్లు చికిలిస్తున్నారు. దూరం ఆనడం లేదు కదూ? ఒకసారి మా షాపుకి రండి."

"దగ్గరివి బాగానే కనిపిస్తాయండి," అన్నాడు. అన్న తర్వాత తనేమన్నాడో తనకే వినపడి, చెవులు ఎర్రబడి, గబుక్కున స్విచ్చి వైపు తిరిగిపోయాడు.

హాల్లో ఒక నిదానమైన పాట అందుకున్నారు. ఓవెన్ ఆగింది. ట్రేలు సర్దేసి ఉన్నాయి. గ్లాసులు కడిగేసి ఉన్నాయి. ఎన్నో ఏళ్లలో మొదటిసారి, ఆ వంటింట్లో ఆమెకి పనంటూ లేకుండా పోయింది.

"పాట అయ్యేదాకా మనకేం పని లేదనుకుంటానండి," అన్నాడు అతను.

"లేదు."

"నాకు డాన్సు రాదండి. వృత్తిరీత్యా పైకీ కిందకీ వెళ్లడం తెలుసు, అంతే."

"పక్కకి నేను చెప్తాను," అంది ఆమె. తనకీ రాదని చెప్పలేదు.

ఒక చేతికి ఓవెన్ గ్లవుజు అలాగే ఉండిపోయింది. అతను ఆ గ్లవుజునే మర్యాదగా పట్టుకున్నాడు. నేలంతా రాలిన పిండి. ఆ పిండిలో అతని బూట్లు టకటకమనకపోగా, మెత్తగా జారాయి. ఆమె రెండుసార్లు అతని కాలు తొక్కింది, అతను రెండుసార్లూ తనే సారీ చెప్పాడు. ఆ భవనం మొత్తంలో చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు వాళ్లిద్దరే. హాల్లో మిగతా యువత ప్లేటూ గ్లాసూ పట్టుకుని, గోడలకి ఆనుకుని, ఖాళీ ప్లేటు ఏ చేత్తో ఎక్కడ పెట్టాలో తెలియక కదలకుండా నిలబడి ఉన్నారు.

పాట అయిపోయింది. ఓవెన్ వెయ్యాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇంకో పాట వచ్చింది. అదీ అయిపోయింది. గుమ్మంలో పెద్దాంటీ ప్రత్యక్షమయ్యారు.

"పఫ్‌లేవమ్మా?"

"ఇంకా కాలలేదాంటీ."

"ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

బంగారుతల్లి చల్లారిన ఓవెన్ వైపు చూసింది. గ్లవుజు మాత్రం అతని చేతిలోంచి తీసుకోలేదు. "డాన్సు చేస్తున్నామాంటీ," అంది.

"మరి పఫ్‌లు?"

"కుదరలేదు."

ఆ మాట ఆమె నోట వినడం పెద్దాంటీకి అదే మొదలు. ఏ ఉపసంఘానికి నివేదించాలో పాలుపోక, ఆవిడ ఒక ట్రే తీసుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి అతిథులు పచ్చి పఫ్‌లు తిన్నారు. మాస్టారు మరునాటి ఆరాధనలో లేచి, ఎలాంటి పరిచయాలూ చోటుచేసుకోకుండా కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందని ప్రకటించారు. సంఘం చప్పట్లు కొట్టింది.

అతను సోమవారమే షాపుకి వెళ్లి కళ్లు పరీక్ష చేయించుకున్నాడు. జోడు తీసుకున్నాక కూడా, అది సరిగ్గా కూర్చోలేదన్న వంకతో మళ్లీ మళ్లీ వెళ్లాడు. ఆమె కూడా ఆ జోడుని ఒకే రోజులో సరిచేసెయ్యలేదు. ఎండాకాలం రాకముందే ఇద్దరూ పెళ్లి మాట చెప్పడానికి పాస్టరుగారి ముందు నిలబడ్డారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎన్నాళ్లకి! ఈ కార్యక్రమానికి ఇదే తొలిఫలం," అన్నారు.

మాస్టారికి అభ్యంతరం వచ్చింది. "మీరిద్దరూ ఎక్కడ కలిశారు?"

"వంటింట్లోనండి."

"కార్యక్రమం జరిగింది హాల్లో. వంటిల్లు కార్యక్రమం కిందికి రాదు." దీర్ఘంగా చర్చించి, ఈ సంబంధాన్ని కార్యక్రమ ఫలితంగా కాక, విద్యుత్ లోపం వల్ల సంభవించినదిగా గుర్తించి, పెళ్లికి అనుమతించారు. అదే సమావేశంలో కొత్త లైను వేయించాలన్న ప్రతిపాదన వస్తే, పాస్టరుగారు ఎందుకో దాన్ని వాయిదా వేయించారు.

పెళ్లయింది. అమ్మ పెళ్లంతా ముందు వరసలోనే కూర్చుని, ఎవరైనా కూతుర్ని వంటింటి వైపు పిలుస్తారేమోనని కాపలా కాసింది.

మరుసటి ఏడు మళ్లీ విందు, డాన్సు. మొగుడూ పెళ్లాలిద్దరూ ముస్తాబై, నవ్వుకుంటూ సింహద్వారం దగ్గరికి వచ్చారు. ఈసారి హాల్లోనే, మెరుస్తున్న దీపాల కింద, నిఝంగా డాన్సు చెయ్యాలని వాళ్ల సరదా. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"క్షమించాలమ్మా. ఇది పెళ్లికానివాళ్ల కార్యక్రమం. పెళ్లయినవాళ్లకి ప్రవేశం లేదు. నియమం నియమమే."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. వెనక్కి తిరగబోతుంటే పక్కవాకిలి తెరుచుకుంది.

"వంటింటికి అలాంటి నియమమేమీ లేదు బంగారుతల్లీ," అన్నారు పెద్దాంటీ ఆప్యాయంగా, రెండు ఏప్రన్లు చాస్తూ.