స్టాకుకి చోటు

ఆ ఉదయం కొండలరావు ఉద్దేశమల్లా నాలుగిడ్లీలు తిని, నందిగామలో తొలి బస్సెక్కి జగ్గయ్యపేటలోని తన మిరపకాయల కొట్టుకి చేరుకోవడమే. మామగారు కృష్ణయ్య ఇంట్లో మరో పూట ఉంటే కడుపుమంటతో పోయేట్టున్నాడు. బొంబాయి నుంచి తోడల్లుడు భవానీప్రసాద్ దిగింది మొదలు మామగారికి పెద్దల్లుడు కనపడటం మానేశాడు. చిన్నల్లుడు కంప్యూటరనే యంత్రం దగ్గర పనిచేస్తాడట. అదేమిటో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. అందుకే గౌరవం మరీ ఎక్కువైంది.

చెప్పులు తొడుక్కుంటుండగా సావిట్లోంచి మాటలు వినపడ్డాయి.

"స్టాకుకి ఎంత చోటు కావాలో ముందే అడగాలండి మామయ్యగారూ. తక్కువడిగితే సగంలో చాలక పనంతా ఆగిపోతుంది. మరీ ఎక్కువడిగితే పక్కవాడికి మిగలదు."

"మరి ఇచ్చేదెవరు బాబూ?"

"ఇంటిపెద్దలాగా ఖాళీ చూసి సర్దేది ఒకటుంటుందండి."

కొండలరావు తొడుక్కున్న చెప్పులు విడిచేశాడు. స్టాకు! చోటు! ఇంటిపెద్ద! అంటే మామగారి వీధిగదిలో చిన్నల్లుడు వ్యాపారం పెట్టబోతున్నాడన్నమాట. గబగబా వంటింట్లో అత్తగారు సీతారావమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అత్తయ్యగారూ, వీధిగదిలో నా స్టాకు పెట్టుకుంటా."

"దానికేం బాబూ. ఎంతుంటుందేం?"

అతను అంతదూరం ఆలోచించలేదు. "ఎంత పడితే అంతండి!"

కృష్ణయ్య చిన్నల్లుడికి పొలం చూపించడానికి వెళ్ళిన సమయంలో జగ్గయ్యపేట నుంచి లారీ వచ్చింది. గది నిండింది. కొట్లో ఉన్నదంతా పంపమని కబురు చేశాడు గనక వెనకే రెండో లారీ వచ్చింది. బస్తాలు సావిట్లోకి, అక్కణ్ణించి చిన్నల్లుడి మంచం మీదికి పాకాయి. పైబస్తా జారిపడి పిగిలింది. వీధి వీధంతా తుమ్మింది.

పొలం నుంచి వచ్చిన కృష్ణయ్య దగ్గుతూ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటయ్యా ఇది?"

"ఆయన స్టాకుకి చోటిస్తారు, నా స్టాకుకివ్వరా? నేను అల్లుణ్ణి కానా?"

భవానీప్రసాద్ కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నయ్యగారూ, అది సరుకు కాదండీ! ఒక పని మధ్యలో యంత్రం ఇంకో పనికి వెళ్ళాలంటే, మొదటిది ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తులు ఒకదానిమీదొకటి పేర్చుకునే దొంతరనే స్టాకంటాం."

కొండలరావు ముఖం మిరపపండైంది. కృష్ణయ్య దగ్గు నవ్వులోకి దిగింది.

"ఇన్నాళ్ళకి నీ ఉద్యోగం అర్థమైంది బాబూ! ఎంత చోటు కావాలో లెక్కేసుకోకపోతే ఇదన్నమాట అయ్యేది! నీ మంచం ఎటూ మునిగిపోయింది, నా గదిలో పడుకుందువుగాని రా."

ఆ విధంగా భవానీప్రసాద్‌కి మామగారి పందిరిమంచం దక్కింది. కొండలరావుకి కూడా ఇంట్లో కోరుకున్నంత చోటు దొరికింది, బస్తాల మీద.